తిరుపతిలో దివ్యాంగ పిల్లలకు స్కూలు బండి: ఏది నప్పుతుంది, ఎక్కడ తేడా కొడుతుంది

స్కూలు బండి మాట్లాడేటప్పుడు ఎవరైనా మొదట అడిగేది "నెలకెంత?" అనే. దివ్యాంగ పిల్లల విషయంలో అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఎక్కించేదెవరు, దించేదెవరు? తిరుపతిలో దొరికే స్కూలు బస్సు, నెలవారీ వ్యాను, ఆటో, ఆర్టీసీ నాలుగింటినీ ఇక్కడ ఆ లెక్కనే తూచాం. బండి కొత్తదా పాతదా, ఏసీ ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

స్కూలు బస్సు వినికిడి లోపం ఉన్నవాళ్లకు, చూపు తక్కువున్నవాళ్లకు, కమ్మీ పట్టుకుని మెట్లెక్కగలిగినవాళ్లకు బాగా సరిపోతుంది. సీటు మాత్రం మీరే ఎంచండి. చివరి వరస వద్దు. వెనక చక్రాలు దాటాక వేలాడే భాగం అది, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నడుం ఎగిరి పడుతుంది. ఆయా కంట్లో పడేలా రెండో వరసో మూడో వరసో మేలు. కాలిపర్లు (కాళ్లకు ఆసరాగా కట్టే కమ్మీలు) వేసుకున్న పిల్లలకు మోకాలి లాక్ తీసి కూర్చోబెట్టాలని, దిగే ముందు మళ్లీ వేయాలని ఆయాకు చేసి చూపించాలి. చెవి వినపడని పిల్లలకు ప్రమాదమంతా దిగాకే. వెనకొచ్చే బండి హారన్ వాళ్లకు వినపడదు కాబట్టి, ఆయా దిగి రోడ్డు దాటించి పెద్దవాళ్ల చేతికి అప్పగించాలి.

వీల్‌చైర్ పిల్లలకు మాత్రం మామూలు స్కూలు బస్సుకు మార్కులు తక్కువే. నేల ఎత్తు, తలుపు ఇరుకు. పిల్లల్ని రెండు చేతులూ పట్టి పైకి లాగడం ఎక్కువగా కనిపించే తప్పు. సీపీ (సెరెబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే సమస్య) ఉన్నవాళ్లకు భుజం కీలు జారే ప్రమాదం ఉంది. ఒక చెయ్యి వీపు వెనక నుంచి చంక కిందికి, రెండోది తొడల కిందికి పోనిచ్చి, ఒంటికి దగ్గరగా ఎత్తుకోవాలి. పెద్ద పిల్లలైతే ఇద్దరు పట్టాలి. మడిచిన కుర్చీ నడవాలో పెడితే అందరి దారికీ అడ్డం, సడన్ బ్రేక్ వేస్తే ముందున్నవాళ్ల మీదికి వస్తుంది. చివరి సీటు వెనక తాడుతో బిగించే చోటు ఉందా అని చూసుకున్నాకే డబ్బులు కట్టండి.

అందుకే వీల్‌చైర్ వాడేవాళ్లకు వ్యానే దిక్కు. పిల్లలు సీట్లోకి మారి కూర్చోగలిగితే మార్చి, సీటు బెల్టు వేసి, కుర్చీని వెనక కట్టేయడం అన్నిటికన్నా భద్రం. మారలేకపోతే కుర్చీతో సహా ఎక్కించాలి. అప్పుడు టేపు తీసుకెళ్లి మూడు కొలతలు చూడండి: తలుపు వెడల్పు, తలుపు ఎత్తు, నేల నుంచి బండి ఫ్లోరుకు ఎంతుందో. తలుపు ఎత్తును పిల్లలు కుర్చీలో కూర్చున్నప్పటి తల ఎత్తుతో పోల్చాలి. ర్యాంపుకు భవనాల లెక్క 1:12, అంటే 60 సెంటీమీటర్ల ఎత్తుకు 7.2 మీటర్ల పొడవు. తిరుపతి సందుల్లో అంత ర్యాంపు వేయడం జరిగే పని కాదు. బండి ర్యాంపు నిటారుగానే ఉంటుంది, కాబట్టి నెట్టడానికి ఒకరు, పక్కన పట్టుకోవడానికి ఒకరు ఉండాల్సిందే. దించేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించాలి.

ఎక్కాక కుర్చీ బండి నడిచే దిక్కుకే ఉండాలి. అడ్డంగా పెడితే బ్రేక్ పడగానే పక్కకు ఒరుగుతుంది. నాలుగు పట్టీలు కావాలి, ముందు రెండు, వెనక రెండు. వాటిని కుర్చీ ఫ్రేముకే తగిలించాలి. చక్రానికో, చెయ్యి ఆనే కమ్మీకో, పాదం పెట్టే పలకకో తగిలిస్తే అవి ఊడొస్తాయి. వెనక పట్టీలు నేలతో 30 నుంచి 45 డిగ్రీలు, ముందువి 40 నుంచి 60 డిగ్రీల వాలులో ఉండాలి. పిల్లలకు వేసే బెల్టు వేరు. నడుం మీదుగా, భుజం మీదుగా వెళ్లి బండికే బిగుసుకోవాలి. కుర్చీకున్న చిన్న బెల్టు కూర్చోవడానికి ఆసరా అంతే, ప్రమాదంలో ఆపలేదు. ఇవేవీ లేకుండా "కుర్చీ బ్రేకు వేస్తాం సార్, కదలదు" అనే వ్యానుకు నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఆటోను చిన్నచూపు చూడక్కర్లేదు. నేల తక్కువ ఎత్తు, ఇంటి గడప దాకా వస్తుంది, రోజూ ఒకే డ్రైవరు. ఆటిజం ఉన్న పిల్లలకు ఆ చివరిది పెద్ద వరం. చిక్కల్లా ఎక్కించుకునే సంఖ్యతోనే. ముగ్గురి బండిలో ఏడెనిమిది మందిని కుక్కితే, నడుం నిలవని పిల్లలు మలుపులో జారిపోతారు. ఒక్కరికే మాట్లాడుకోండి, లేదా ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి పంచుకోండి. పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టి, తెరిచున్న వైపు పెద్దవాళ్లు కూర్చోవాలి.

ఆర్టీసీ హైస్కూలు, కాలేజీ పిల్లలకే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లకు టికెట్ డబ్బులు లేవు, తోడొచ్చే అమ్మకూ లేవు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. మగపిల్లలకైతే దివ్యాంగుల కింద ఇప్పుడేం రాయితీ ఉందో డిపోలో అడగండి. అయితే బస్టాండులో రద్దీ వేళ బస్సు మీ కోసం ఆగదు.

తిరుపతికే ఉన్న తలనొప్పి ఇంకోటి. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి దారులు మళ్లిస్తారు. గరుడ వారధి ఫ్లైఓవర్ మీదుగా వెళ్తే లీలామహల్ వైపు సిగ్నళ్లు తప్పుతాయి, కానీ కింద పిల్లల్ని ఎక్కించుకునే వ్యానుకు ఆ సుఖం లేదు. ప్రయాణం సాగేకొద్దీ వెన్నుపాము సమస్యతో స్పర్శ తెలియని పిల్లలకు ఒత్తిడి పుండ్లు పడే భయం. అరగంటకోసారైనా బరువు మార్చి కూర్చోబెట్టాలి. ఆటిజం ఉన్నవాళ్లకు దారి మారుతుందని ముందురోజే ఫొటోలతో చెప్పండి.

ఫిట్స్ వచ్చే పిల్లలైతే డ్రైవరు ముందు ఒక కాగితం అతికించండి: చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ కుక్కొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టు, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యి.

ఇక డబ్బు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లలో దివ్యాంగ పిల్లలకు, ఎక్కువ ఆసరా కావాల్సినవాళ్ల తోడు మనిషికి కూడా, రవాణా సౌకర్యం కల్పించాలి. ప్రైవేటు స్కూలు "మా రూల్స్‌లో లేదు" అంటే ఈ సెక్షన్ రాసి లెటర్ ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. ప్రభుత్వ బడి పిల్లలకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకంలో ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సు (ప్రయాణ ఖర్చుకు), ఎస్కార్ట్ అలవెన్సు (తోడు మనిషికి) వేర్వేరుగా ఉన్నాయి. భవిత కేంద్రంలోని (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచరు ద్వారా, సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులతో అడగాలి. నెల ఆటో కిరాయి మొత్తం దాంతోనే తీరుతుందని లెక్క వేసుకోవద్దు. నడవలేని పిల్లలకు ఒక్క ట్రాన్స్‌పోర్ట్ రాయించి ఊరుకోకుండా, ఎస్కార్ట్ కూడా పక్కనే రాయించండి. అడక్కపోతే ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది.