వైనరీ సీసానా, బ్రూవరీ సీసానా: ఇంటికి తేవడానికి ఏది మేలు?

వైన్ తయారుచేసే వైనరీకి వెళ్లినా బీరు తయారుచేసే బ్రూవరీకి వెళ్లినా బయటికొచ్చేటప్పుడు చేతిలో నాలుగైదు సీసాలు ఉంటాయి. గ్లాసులో ఏది నచ్చితే అది కొనేస్తాం. ఇంటికొచ్చి రెండు నెలల తర్వాత తీస్తే ఒక్కోసారి ఆ రుచి ఉండదు. అందుకే కొనేముందు ఒక సంగతి చూసుకోవాలంటాను: పని గట్టుకుని ఇక్కడిదాకా వచ్చినందుకు ఇక్కడ మాత్రమే దొరికేది ఏమిటి? అది మనతో పాటు ఇంటిదాకా వస్తుందా? ఇలా చూస్తే వైన్‌కి ఒక దారి, బీరుకి దాదాపు దానికి ఎదురుదారి కనిపిస్తాయి.

బ్రూవరీలో దొరికేది తాజాదనం. బీరుకి చేదునీ వాసననీ ఇచ్చేవి హాప్స్ అనే తీగకు కాసే పూలు. వాటి నూనెల్లోంచే నిమ్మ, మామిడి, పైన్ చెట్టు లాంటి వాసనలు వస్తాయి. బీరు తయారైన రోజు నుంచే అవి తగ్గడం మొదలవుతుంది. నింపేటప్పుడు లోపలికి చేరిన కొద్దిపాటి గాలి ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది. బాగా పాతబడ్డ లేత రంగు బీరులో తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. బీరు తయారీదారులు దీనికి ఒక మోటు లెక్క చెబుతారు. 32 డిగ్రీల వేడిలో 3 రోజులు, 22 డిగ్రీల గదిలో 30 రోజులు, 3 డిగ్రీల చలిలో 300 రోజులు, ఈ మూడింటివల్ల బీరుకు జరిగే నష్టం ఇంచుమించు ఒకటే. అంటే ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం గడిచినా, ఫ్రిజ్‌లో కొన్ని వారాలపాటు జరిగే నష్టం ఆ కాసేపట్లోనే జరిగిపోతుందన్నమాట.

కాబట్టి బ్రూవరీలోని అసలైన గొప్ప వస్తువు మూట కట్టుకుని తెచ్చుకునేది కాదు. ట్యాంకుకు పది అడుగుల దూరంలో కూర్చుని తాగే ఐపీఏ (హాప్స్ ఎక్కువగా వేసే బీరు), పిల్స్‌నర్ (లేత రంగు బీరు) అక్కడే బాగుంటాయి.

వైన్ సంగతి వేరు. వైనరీ కౌంటర్ మీద పోసే మామూలు రకాలు బయట షాపుల్లోనూ దొరుకుతాయి, రుచిలో పెద్ద తేడా ఉండదు. అక్కడ మాత్రమే దొరికేవి ఇంకోరకం: మార్కెట్‌కి పంపడానికి సరిపోనంత తక్కువగా తయారైన వైన్‌లు, ఒకే తోటలోంచి విడిగా తీసినవి, సెల్లార్‌లో కదపకుండా దాచిన పాత సంవత్సరాల సీసాలు, 1.5 లీటర్ల మ్యాగ్నమ్‌లు. వీటిలో చాలావరకు ప్రయాణాన్ని తట్టుకుంటాయి, ఇంట్లో కూడా ఆగుతాయి. పాత వింటేజ్‌ల, అంటే పాత సంవత్సరాల పంటతో చేసిన వైన్‌ల గురించి మరీ చెప్పాలి. చేతులు మారుతూ వచ్చిన పాత సీసా ఎక్కడెక్కడ వేడికి గురైందో ఎవరికీ తెలియదు. పుట్టినచోటే పడుకుని ఉన్న సీసాకి ఆ అనుమానం ఉండదు. వైనరీకి వెళ్లినప్పుడు "పాత సంవత్సరాలవి ఏమైనా అమ్ముతున్నారా?" అని తప్పకుండా అడగండి. చాలాచోట్ల అవి బోర్డు మీద రాసి ఉండవు.

అందుకని నా లెక్క ఇది: బ్రూవరీలో అక్కడే ఆస్వాదించి తక్కువ తెచ్చుకోవాలి, వైనరీలో కొంచెం రుచి చూసి ఎక్కువ తెచ్చుకోవాలి. దీనికి మినహాయింపులు రెండు వైపులా ఉన్నాయి. ముందు రుచి చూసే దగ్గర జరిగే పొరపాటు చెప్పాలి, ఎందుకంటే సీసా ఎంపిక చెడేది ఎక్కువగా అక్కడే.

వరసగా ఐదారు రకాలు చిన్న గ్లాసుల్లో రుచి చూస్తే నాలుక మోసపోతుంది. కాస్త తీపి ఉన్నది, వాసన ఎక్కువగా ఉన్నది, ఆల్కహాల్ ఎక్కువైనది మిగతావాటిని మింగేసి ముందుకొస్తాయి. బ్రూవరీలో చాక్లెట్, వెనిలా వేసిన చిక్కటి స్టౌట్ అనే నల్ల బీరు 100 మిల్లీలీటర్ల గ్లాసులో అద్భుతంగా ఉంటుంది. అదే ఇంట్లో నిండు సీసా తీస్తే సగానికే మొహం మొత్తుతుంది. వైనరీలోనూ అంతే. ఓక్ పీపా వాసన దట్టంగా ఉన్న రెడ్ వైన్ ఆ వరసలో గెలుస్తుంది, పక్కన నెమ్మదిగా ఉన్న మంచి వైన్ ఓడిపోతుంది. అందుకే కొనేముందు "ఇది ఎంత బాగుంది" అనుకునే బదులు "ఇది నిండు గ్లాసు తాగగలనా" అని ఆలోచించండి. వీలైతే మొదట నచ్చినదాన్నీ, మామూలుగా అనిపించినదాన్నీ చివర్లో మరోసారి పక్కపక్కన పెట్టి రుచి చూడండి. అభిప్రాయం మారడం తరచూ జరుగుతుంది.

వైనరీలో పనికొచ్చే ఇంకో చిట్కా ఉంది. కౌంటర్ మీద ఉన్న సీసా ఎప్పుడు తీశారో అడగండి. నిన్న తీసిన సీసాలోని రెడ్ వైన్ ఇవాళ తీసిన దానికంటే మెరుగ్గా ఉంటే అది ఇంకొన్నేళ్లు ఆగే రకమని ఊహించవచ్చు. ఒక్కరోజు గాలికే నీరసపడితే అది త్వరగా తాగాల్సిన వైన్. గ్లాసులో ఒక గుక్క మిగిల్చి అరగంట తర్వాత చూసినా ఇదే సంగతి కొంతవరకు తెలుస్తుంది.

ఇక మత్తు లెక్క. బీరు తేలిక, వైన్ ఘాటు అనుకుంటాం. 5 శాతం బీర్లు నాలుగు రకాలు, ఒక్కోటి 120 మిల్లీలీటర్లు తాగితే లోపలికి వెళ్లే ఆల్కహాల్ 24 మిల్లీలీటర్లు. 13 శాతం వైన్‌లు ఐదు రకాలు, ఒక్కోటి 45 మిల్లీలీటర్లు తాగితే 29. పెద్ద తేడా లేదు. అయితే వైనరీలో ఉమ్మడానికి పాత్ర పెట్టి ఉంటుంది, దాన్ని వాడినా ఎవరూ ఏమీ అనుకోరు. బీరు దగ్గర ఆ అలవాటు పెద్దగా లేదు. పైగా ఆ నాలుగు బీర్లలో ఒకటి 10 శాతం స్టౌట్ అయితే లెక్క 30కి చేరుతుంది. బండి నడిపేవాళ్లు రెండుచోట్లా రుచి చూడకపోవడమే మంచిది. వాళ్ల వాటాగా ఒక మంచి సీసా కొనిపెడితే న్యాయంగా ఉంటుంది. రెండిటికీ ఒకేరోజు వెళ్లాలనుకుంటే వైనరీ ముందు. హాప్స్ చేదు నోట్లో ఉండగా తెల్ల వైన్ రుచి సరిగ్గా తెలియదు.

ఇప్పుడు మినహాయింపులు. బ్రూవరీ నుంచి తప్పకుండా తెచ్చుకోదగ్గవి కూడా ఉన్నాయి. 9, 10 శాతం దాటిన ఇంపీరియల్ స్టౌట్, బార్లీ వైన్ (పేరులో వైన్ ఉన్నా ఇదీ బీరే) చల్లని చీకటి చోట కొన్నేళ్లు ఆగుతాయి. పదునైన ఆల్కహాల్ మెత్తబడి ఎండుద్రాక్ష, పాకం లాంటి రుచులు వస్తాయి. పుల్లటి బీర్లలో బెల్జియం గూజ్ ఇంకా గట్టిది. గాలిలోని ఈస్ట్‌తోనూ పీపాల్లోని ఈస్ట్‌తోనూ పులిసిన ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్ అనే పుల్లటి బీర్లను కలిపి సీసాలో మళ్లీ పులియబెడతారు. అది వైన్ లాగే ఏళ్ల తరబడి మారుతూ ఉంటుంది. ఇలాంటివి తయారుచేసే బ్రూవరీకి వెళ్తే నేను పైన చెప్పిన లెక్క తిరగబడుతుంది, సంచి నిండా తెచ్చుకోవచ్చు.

వైనరీలో బీరులా చూడాల్సినవీ ఉన్నాయి. రోజే అనే గులాబీరంగు వైన్, లేత తెల్ల వైన్‌లు, ఆ ఏటి పంట నుంచే నవంబర్ మూడో గురువారం విడుదలయ్యే బోజొలే నువో లాంటివి దాచుకునేందుకు కాదు. ఏడాది లోపు తాగేయాలి. వైన్ అంటే పాతబడేకొద్దీ బాగుపడుతుందన్న నమ్మకం చాలా వైన్‌ల విషయంలో తప్పు. దాచాలంటే పులుపు, వగరు, తీపి వీటిలో ఒకటైనా గట్టిగా ఉండాలి. పులుపున్న రీస్లింగ్, వగరున్న నెబియోలో, కబెర్నే అనే ద్రాక్ష రకాల వైన్‌లు, తీపి ఉన్న సోటెర్న్, టొకాయ్ వైన్‌లు నిలుస్తాయి. అన్నిటికంటే మొండిది మదీరా. తయారీలోనే నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి వేడి చూసి వచ్చిన వైన్ కాబట్టి దారిలో వేడి తగిలినా, మూత తీసి వారాలు గడిచినా పెద్దగా చలించదు. ఇంట్లో చల్లని చోటు లేనివాళ్లకి నా మొదటి సలహా ఇలాంటి ఫోర్టిఫైడ్ (స్పిరిట్ కలిపి ఘాటు పెంచిన) వైనే.

సీసా చూసి కొనే విషయానికొస్తే, బీరుకు డబ్బా మేలని నేను గట్టిగా నమ్ముతాను. సీసా అందంగా ఉంటుందని డబ్బాని చిన్నచూపు చూస్తారు కానీ వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి గంధకం కంపు కొట్టే పదార్థంగా మారతాయి. రంగులేని గాజు సీసాలో నేరుగా ఎండ పడితే కొన్ని నిమిషాలు చాలు. ఆకుపచ్చ గాజు కొంచెమే ఆపుతుంది, గోధుమరంగు గాజు చాలావరకు ఆపుతుంది, డబ్బా పూర్తిగా ఆపుతుంది. పైగా డబ్బా తేలిక, పగలదు. ఏది కొన్నా నింపిన తేదీ చూడండి. బ్రూవరీలో కొంటున్నాం కాబట్టి తాజాదే అనుకోకూడదు, ఫ్రిజ్ మూలలో మూడు నెలల నాటిదీ ఉండొచ్చు. నింపిన తేదీ లేకుండా "ఈలోగా వాడండి" అన్న తేదీ ఒక్కటే ఉంటే కౌంటర్ దగ్గర అడిగి తెలుసుకోండి.

కుళాయి నుంచి పట్టిచ్చే 1.9 లీటర్ల గ్రౌలర్ సీసా గురించి నాకు పెద్దగా ఉత్సాహం లేదు. పట్టేటప్పుడే గ్యాస్ కొంత పోతుంది, గాలి చేరుతుంది. రెండు మూడు రోజుల్లో తాగాలి, మూత తీస్తే అదే రోజు. ఇంట్లో నలుగురు ఆ సాయంత్రమే కలుస్తున్నారంటే తెచ్చుకోండి. లేదంటే అక్కడికక్కడే సీలు వేసిచ్చే 946 మిల్లీలీటర్ల క్రౌలర్ డబ్బా నయం.

వైన్ సీసాకి కార్కా, స్క్రూ మూతా అన్నది చాలామందికి పట్టింపు. కార్కులో టీసీఏ అనే పదార్థం ఉంటే వైన్ బూజుపట్టిన అట్టలా వాసన వేస్తుంది. వంద సీసాల్లో కొన్నింటికి ఈ బెడద తప్పదు. వైనరీలో దొరికితే అక్కడే మార్చిస్తారు, ఇంటికొచ్చాక తెలిస్తే సీసా పోయినట్టే. ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీ రీస్లింగ్ తయారీదారులు కొందరు 2000లో కలిసికట్టుగా స్క్రూ మూతకు మారింది ఈ బాధ పడలేకే. తెల్ల వైన్‌కి, రెండు మూడేళ్లలో తాగే రెడ్‌కి స్క్రూ మూతే తీసుకోండి. సంకోచం అక్కర్లేదు.

బరువు కూడా చూసుకోవాలి. 750 మిల్లీలీటర్ల వైన్ సీసా గాజుతో కలిపి సాధారణంగా 1.2 నుంచి 1.5 కిలోలు తూగుతుంది. 330 మిల్లీలీటర్ల బీరు డబ్బా 350 గ్రాములే. విమానంలో అయితే చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్లు దాటినవి చేతి సంచిలో రానివ్వరు, చెకిన్ సామానులో పెట్టాలి. 24 శాతం లోపు ఆల్కహాల్ ఉన్న వైన్, బీర్లకు విమాన భద్రతా నిబంధనల్లో పరిమాణం పరిమితి ఉండదు, 24 నుంచి 70 శాతం మధ్య ఉన్నవాటికి మనిషికి 5 లీటర్లు. దేశం దాటితే కస్టమ్స్ పరిమితి వేరుగా ఉంటుంది, అది ముందే చూసుకోవాలి. కారులో అయితే డిక్కీలో కంటే ఏసీ తగిలే చోట, సీటు కింద పెట్టడం మంచిది. వేడెక్కితే వైన్ వ్యాకోచించి కార్కును పైకి నెడుతుంది. మెడ దగ్గర జిడ్డుగా కారిన మరక కనిపిస్తే ఆ సీసాను దాచకుండా త్వరగా తాగేయాలి.

ఇంట్లో ఎవరున్నారన్నది కూడా ఎంపికను మారుస్తుంది. ఒక్కరే తాగేవాళ్లకి 750 మిల్లీలీటర్ల సీసా ఒక సమస్యే. తీసిన రెడ్ వైన్ మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నుంచి ఐదు రోజులు ఆగుతుంది. బుడగల వైన్ అయితే ఒకటి రెండు రోజులే. వైనరీలో 375 మిల్లీలీటర్ల సగం సీసాలు ఉంటే అలాంటివాళ్లు వాటినే అడగాలి. చిన్న బీరు డబ్బాకి ఈ చిక్కు లేదు, తీస్తే అయిపోతుంది. వారంలో ఒకటి రెండు సార్లు కొద్దిగా తాగే మనిషికి, ఫ్రిజ్‌లో చోటుండి, బ్రూవరీ గంటలోపు దూరంలో ఉంటే, నేను వైన్‌ని పక్కన పెట్టి తాజా డబ్బాలు ఆరు తెచ్చుకోమంటాను. రెండు వారాల్లో అయిపోయేంతే కొనాలి, అంతకు మించి వద్దు.

పెళ్లిరోజుకో, ఇంకా తేదీ తెలియని ఏదో సంతోషానికో పక్కన పెట్టాలనుకుంటే వైనరీకే వెళ్లండి. ఒకే రకం మూడు సీసాలు తీసుకోండి. ఒకటి ఈ ఏడాది, ఒకటి మూడేళ్ల తర్వాత తీసి చూస్తే మూడోది ఎప్పుడు తీయాలో మీకే తెలుస్తుంది. కార్కు సీసాల్ని పడుకోబెట్టి, 12 నుంచి 15 డిగ్రీల దగ్గర, వేడి ఎక్కువా తక్కువా అవకుండా ఉంచాలి. బీరు సీసాలైతే నిలబెట్టాలి, అడుగున చేరిన ఈస్ట్ కదలకుండా ఉంటుంది. ఇంట్లో అంత చల్లని చోటు లేకపోతే ఏళ్లకొద్దీ దాచే సీసాలు కొనకండి. వైనరీలో కొన్నిచోట్ల మీ పేరుమీద వాళ్ల సెల్లార్‌లోనే ఉంచుతారు, అది అడిగి చూడండి.