నడిచే జాంబీలా, పరిగెత్తే జాంబీలా?

జాంబీ సినిమా పెట్టేముందు తేల్చుకోవాల్సింది ఇదే.

నడిచేవి: 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ దారి. నలుపు తెలుపు సినిమా, తక్కువ ఖర్చు, కథ దాదాపు అంతా ఒకే ఇంట్లో. అసలు భయం బయట తిరిగే శవాల వల్ల కాదు, లోపల ఒకరి మాట ఒకరు వినని మనుషుల వల్ల. మధ్యలో సాగుతుంది, నిజమే. మేకప్ కూడా ఇప్పటి కళ్లకు ఆనదు.

పరిగెత్తేవి: ‘ట్రైన్ టు బుసాన్’ (2016) లాంటివి. రైలు పెట్టెల్లో టెన్షన్‌తో ఊపిరాడనివ్వదు, తండ్రీకూతుళ్ల కథ కాబట్టి ఏడిపిస్తుంది కూడా (చివర్లో కాస్త ఎక్కువే పిండారు). విలన్‌లో మాత్రం చెడు తప్ప ఇంకేం లేదు.

ఓపిక ఉండి, మనుషుల మధ్య గొడవలే ఆసక్తి అయితే మొదటిది. నలుగురూ కలిసి అరుస్తూ చూడాలంటే రెండోది. పిల్లలు పక్కనుంటే రెండూ వద్దు.