అప్‌టుడేటా, ఐసీఎంఆర్ చార్టులా: పీహెచ్‌సీ డాక్టర్‌కి ఏది?

పీహెచ్‌సీలో కొత్తగా చేరిన జూనియర్లు అప్‌టుడేట్ (డాక్టర్లు చికిత్స సమాచారం వెతుక్కునే వెబ్‌సైట్) సబ్‌స్క్రిప్షన్ కట్టాలా అని అడుగుతుంటారు. నేనైతే ముందు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోలు, అంటే ఏ జబ్బుకు ఏం చెయ్యాలో వరసగా చూపే చార్టులు, డౌన్‌లోడ్ చేసుకోమంటాను. 2019 నుంచి వస్తున్నాయి, పూర్తిగా ఉచితం.

గుండెపోటు కేసు వచ్చి, పక్కన కార్డియాలజిస్టు లేక టెన్షన్‌గా ఉన్నప్పుడు పేజీలకు పేజీలు చదివే టైం ఎక్కడుంటుంది? ఈసీజీలో ఏం చూడాలి, ఇక్కడే ఏం చెయ్యాలి, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి అన్నది ఆ చార్టులో వరసగా ఉంటుంది, పైగా మన దగ్గరుండే సదుపాయాలను లెక్కలో పెట్టుకుని రాసింది.

అయితే చార్టు కారణాలు చెప్పదు. కిడ్నీ జబ్బున్న గర్భిణికి ఏ బీపీ మందు, రెండు మందులు కలిపితే ఏమవుతుంది లాంటి చిక్కు ప్రశ్నలకు అప్‌టుడేటే నయం. సిఫార్సు పక్కనే 1ఏ, 2సీ అని గ్రేడు ఉంటుంది, అంకె సిఫార్సు బలాన్ని, అక్షరం ఆధారం నాణ్యతను చెబుతాయి, కింద అసలు జర్నల్ పేపర్ల వివరాలూ ఉంటాయి. ఖరీదు మాత్రం ఎక్కువే. పీజీలో చేరితే కాలేజీ లైబ్రరీ లాగిన్ ఇస్తుందేమో కనుక్కోండి, సొంత డబ్బు ఆ తర్వాత పెట్టొచ్చు.