ప్రాక్స్‌మాక్స్‌లో హెచ్‌బీఏ కార్డు పాస్‌త్రూ: మూడేళ్లు వాడాక

వీఎంలు (ఒకే మెషిన్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడి మెషిన్లు), వాటిని నడిపే ప్రాక్స్‌మాక్స్ ఇప్పటికే వాడుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, ఇన్‌స్టాల్ ఎలా అన్నవి వదిలేస్తున్నా. నాకు చెప్పాలని ఉన్నది ఒక్కటే. పాస్‌త్రూ అంటే బోర్డులో బిగించిన పీసీఐఈ కార్డుని హోస్ట్ (అసలు మెషిన్) వాడకుండా నేరుగా వీఎంకి అప్పగించడం. అలా అప్పగించినప్పుడు ఆ వీఎం సెట్టింగ్‌లో పడేది కార్డు గుర్తు కాదు, అది కూర్చున్న చోటు. 03:00.0 అని (ముందున్న 03 బస్ నంబరు) రాసుంటే ఆ చోట ఆ రోజు ఏది ఉంటే దాన్నే వీఎంకి ఇచ్చేస్తుంది, అడగదు, చెప్పదు. రెండేళ్లు ఈ సంగతి నాకు పట్టలేదు. పట్టిన రాత్రి రెండింటి దాకా మేలుకునే ఉన్నాను, ఆ కోపం ఇంకా పోలేదు.

మెషిన్ విజయనగరంలో, మా ఇంటి మేడ మీద గదిలో ఉంటుంది. నా ఉద్యోగం విశాఖలో, శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికి వస్తాను. అక్కావాళ్లది మా పక్క వీధే, బావకి ఫొటో స్టూడియో ఉంది, పెళ్లి వీడియోలన్నీ ఈ మెషిన్‌లోకే వస్తాయి. 2022లో ప్రాక్స్‌మాక్స్ 7 వేసి, దాని మీద ఫైళ్లు దాచే ట్రూనాస్ వీఎం పెట్టి, సర్వర్‌లోంచి తీసిన పాత ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ హెచ్‌బీఏ (డిస్కులు తగిలించే కార్డు) కొని, డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఎక్కించి ఆ వీఎంకి ఇచ్చాను. డిస్కులు నేరుగా ట్రూనాస్ వాడే ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్ చేతికి రావాలన్నదే కారణం.

మొదట్లో చాలా పొగిడాను దీన్ని, అడిగినవాళ్లందరికీ ఇదే చేయమని చెప్పాను. అప్పుడు పడ్డ ఇబ్బందులు రెండే. రూట్ జెడ్‌ఎఫ్‌ఎస్ మీద, యూఈఎఫ్‌ఐలో ఉన్న మెషిన్‌కి గ్రబ్ (బూట్ లోడర్) ఫైలు మార్చి ఐఓఎంఎంయూ (కార్డుల్ని వీఎంలకి విడిగా ఇవ్వనిచ్చే ఏర్పాటు) ఎందుకు ఆన్ అవట్లేదా అని ఒక పూట పోగొట్టుకున్నాను, అక్కడ మార్చాల్సింది కెర్నల్ సీఎండీలైన్ ఫైలు, తర్వాత ప్రాక్స్‌మాక్స్ బూట్ టూల్‌తో రిఫ్రెష్ కొట్టాలి. రెండోది, మా బోర్డులో హెచ్‌బీఏ, ల్యాన్ పోర్టు రెండూ ఒకే ఐఓఎంఎంయూ గ్రూపులో ఉన్నాయి. వీఎం స్టార్ట్ చేయగానే గ్రూపు మొత్తం దాని చేతికి పోయి హోస్ట్‌కి నెట్‌వర్క్ పోయేది. ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే కెర్నల్ ఆప్షన్ పెట్టి గ్రూపులు విడగొట్టాక సర్దుకుంది. అద్భుతం అనుకున్నాను అప్పుడు. ఇప్పుడైతే అంత గట్టిగా అనను. ఆ ఆప్షన్ కెర్నల్ దగ్గర ఇవి వేరు అని చెబుతుంది తప్ప బోర్డులో నిజంగా గోడ కట్టదు. ఇంట్లో నా వీఎంలే కాబట్టి పెట్టుకున్నాను, బయటివాళ్లకి వీఎంలు ఇచ్చే మెషిన్‌లో పెట్టను.

అసలు కథ 2024 దసరా సెలవుల్లో జరిగింది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాత మంగళవారం వస్తుంది, బావ ఆ వారమంతా మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా కెమెరాలు పెట్టి తీస్తాడు. అంత ఫుటేజీ మీద ఎడిటింగ్ వీఎం నడవాలంటే ఉన్న ఎస్‌ఎస్‌డీ చాలదని ముందుగానే ఒక ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ) కొని బోర్డులో ఖాళీగా ఉన్న ఎం.2 స్లాట్‌లో బిగించాను. హెచ్‌బీఏ కార్డుని ముట్టుకోలేదు, దాని స్లాటూ మార్చలేదు. మూత పెట్టి పవర్ ఆన్ చేశాను. పది నిమిషాలైనా వెబ్ పేజీ రాలేదు, పింగ్ రాలేదు, ట్రూనాస్ షేర్ రాలేదు.

కింద గదిలో టీవీ తెచ్చి మేడ మీద హెచ్‌డీఎంఐకి తగిలించి కీబోర్డు పెట్టి చూస్తే హోస్ట్ బాగానే లేచింది. ఐపీ లింక్ కొడితే బ్రిడ్జి (వీఎంలని ల్యాన్‌కి కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) ఉంది, దానికి తగిలే వీఎంల ట్యాప్‌లు ఉన్నాయి, అసలు ల్యాన్ కార్డే లేదు. పేరు మారడం కాదు, మొత్తానికే లేదు. అంతకు రెండు రోజుల ముందు పిడుగుపడి పక్కింటివాళ్ల రౌటర్ కాలిపోయింది, మన పోర్టూ దాంతోనే పోయిందని నిర్ణయించేసుకున్నాను. కేబుల్ మార్చాను, స్విచ్‌లో పోర్టు మార్చాను. ఈలోగా బావ పైకి వచ్చాడు.

“ఏటయిందిరా? నిన్న తీసినదంతా అందులోనే ఉంది.”

“డిస్కులకేం కాలేదు బావా, ల్యాన్ పోర్టు పోయినట్టుంది.”

“మరి డిస్కులకేం కాలేదని నీకెలా తెలిసింది?”

సమాధానం నా దగ్గర లేదు. ఆ ప్రశ్న విన్నాక కడుపులో తిప్పినట్టయింది, ఎందుకంటే కెమెరా కార్డుల్లో కాపీలు ఉంచుకునే అలవాటు బావకి ఉందో లేదో కూడా నేను ఎప్పుడూ అడగలేదు.

మళ్లీ రీస్టార్ట్ చేసి ఈసారి టీవీ చూడకుండా మెషిన్ వెనకాల కూర్చుని పోర్టు లైటు చూశాను. ఆన్ చేయగానే వెలిగింది, నిమిషం దాకా వెలుగుతూనే ఉంది, ట్రూనాస్ వీఎం స్టార్ట్ అయ్యే సమయానికి ఆరిపోయింది. కాలిపోయిన పోర్టు నిమిషం పాటు వెలగదు కదా. కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐకి -ఎన్‌ఎన్‌కే పెట్టి కొడితే కనిపించింది: రియల్‌టెక్ ల్యాన్ 03:00.0 దగ్గర ఉంది, దాన్ని నడుపుతున్న డ్రైవర్ వీఎఫ్‌ఐఓ-పీసీఐ, అంటే వీఎంకి ఇచ్చే కార్డుని పట్టి ఉంచే డ్రైవర్. హెచ్‌బీఏ 04:00.0కి జరిగింది. కొత్త ఎన్‌వీఎంఈ 02 తీసుకుంది, ఆ 02 అంతకుముందు ల్యాన్‌ది. అందరూ ఒక్కో గడి కిందికి జరిగారు, వీఎం మాత్రం పాత 03 పట్టుకుని అక్కడున్న ల్యాన్ కార్డుని తీసేసుకుంది. మొదటిరోజుల్లో గ్రూపు సమస్యకీ ఇదే లక్షణం, వీఎం స్టార్ట్ అవగానే నెట్‌వర్క్ పోవడం. గ్రూపులు విడగొట్టేశాను కదా అన్న ధీమాతో అటువైపు ఆలోచనే పోలేదు.

వీఎంకి ఆటోస్టార్ట్ తీసేసి రీస్టార్ట్ చేస్తే ల్యాన్ హోస్ట్‌కి వచ్చింది, అయినా నెట్‌వర్క్ రాలేదు, ఎందుకంటే బస్ నంబరు మారితే పేరూ మారుతుంది, ఈఎన్‌పీ2ఎస్0 కాస్తా ఈఎన్‌పీ3ఎస్0 అయింది, బ్రిడ్జిలో పాత పేరే ఉంది. అది దిద్ది, వీఎంలో 04:00.0 అని మార్చి స్టార్ట్ చేస్తే పూల్ (డిస్కులన్నీ కలిపిన జెడ్‌ఎఫ్‌ఎస్ నిల్వ) చెక్కు చెదరకుండా వచ్చింది. బావ కిందకి వెళ్లి అక్కని లేపి మరీ చెప్పాడు.

ఒక్క విషయంలో అదృష్టం బాగుంది. హెచ్‌బీఏని బూట్‌లోనే వీఎఫ్‌ఐఓకి కట్టేసేటప్పుడు నేను ఇచ్చింది 1000:0072 అన్న ఐడీ. అది కార్డుదే, చోటుది కాదు, అందుకే కార్డు 04కి జరిగినా హోస్ట్ ఆ డిస్కుల జోలికి పోలేదు. అది లేకపోతే హోస్ట్‌లో ఆ కార్డుకుండే ఎంపీటీ3ఎస్‌ఏఎస్ డ్రైవర్ ఎక్కి డిస్కులు హోస్ట్‌లో కనిపించేవి, కంగారులో నేను అక్కడే పూల్ ఇంపోర్ట్ చేసి ఉండేవాణ్ని, తర్వాత వీఎం కూడా అదే పూల్ తెరిచి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడం ఇష్టం లేదు. అందుకే నా కోపం. ఒకచోట ఐడీతో పట్టుకోవచ్చు, రెండోచోట చోటుతో మాత్రమే పట్టుకుంటాం, రెండూ ఒకే మెషిన్‌లో.

దీనికి మందు అప్పటికే ఉంది. ప్రాక్స్‌మాక్స్ 8.0లో, అంటే 2023 జూన్‌లోనే, డేటాసెంటర్ కింద, చోటుతో పాటు కార్డు ఐడీని కూడా గుర్తుంచుకునే రిసోర్స్ మ్యాపింగ్ వచ్చింది. నేను 8కి అప్‌గ్రేడ్ అయ్యాను కానీ పాత వీఎంలో లైను అలాగే ఉండిపోయింది, అప్‌గ్రేడ్ దాన్ని మార్చదు. ఆ ఆదివారమే మ్యాపింగ్ చేసి, నమ్మకం కుదరక ఎన్‌వీఎంఈ పీకి బూట్ చేసి చూశాను. చోటు దగ్గర ఉన్నది తాను ఎరిగిన కార్డు కాదని కనిపెట్టి, హార్డ్‌వేర్ మారినట్టుందని ఎర్రర్ ఇచ్చి వీఎంని స్టార్ట్ చేయకుండా ఆగిపోయింది. ఆ ఎర్రర్ చూసినంత సంతోషం ఈ మెషిన్‌తో నాకు ఎప్పుడూ కలగలేదు. అయితే అది కార్డు వెనకాల తనంతట తాను వెళ్లదు, ఆగుతుంది అంతే, కొత్త చోటు మనమే దిద్దాలి. నాకు ఆగడమే చాలు. ల్యాన్ పేరుని కూడా మ్యాక్ అడ్రస్‌కి కట్టేశాను, ఇక బస్ నంబరు ఎటు జరిగినా పేరు మారదు. నేను విశాఖలో ఉన్నప్పుడు మళ్లీ ఏదైనా అయితే నాన్నకి ఫోన్లో చెప్పి బయోస్‌లో వీటీ-డీ (ఐఓఎంఎంయూకి ఇంటెల్ పెట్టిన పేరు) ఆపించగలను, అప్పుడు పాస్‌త్రూ ఉన్న వీఎం లేవదు, హోస్ట్ మాత్రం నెట్‌వర్క్‌లోకి వస్తుంది.

మిగతావి త్వరగా: పాస్‌త్రూ ఉన్న వీఎంకి ఇచ్చిన ర్యామ్ అంతా స్టార్ట్‌లోనే పోతుంది, బలూనింగ్ (వీఎం వాడని ర్యామ్‌ని హోస్ట్ వెనక్కి తీసుకోవడం) పనిచేయదు. కార్డు బాగా వేడెక్కుతుంది, అది సర్వర్‌లో గాలి ధాటికి తయారైంది, మా ఎండలకి హీట్‌సింక్ మీద చిన్న ఫ్యాన్ కట్టాల్సి వచ్చింది.

కొనమంటానా? బావ ఎడిటింగ్ వీఎం, ట్రూనాస్ రెండూ ఒకే పెట్టెలో ఉండాలి, కరెంటు బిల్లు ఒకటే రావాలి, అందుకని నాకు సరిపోయింది. మీకు కావాల్సింది ఫైళ్లు దాచుకోవడమే అయితే ట్రూనాస్‌ని నేరుగా మెషిన్ మీదే వేయండి, ఇదంతా అక్కర్లేదు. మెషిన్ ఒక ఊళ్లో, మీరు ఒక ఊళ్లో అయితే కార్డు కొనే ముందే మ్యాపింగ్, ల్యాన్ పేరు చూసుకోండి. వచ్చే ఆదివారం రెండో ల్యాన్ కార్డు పెట్టాలి. ఎల్‌ఎస్‌పీసీఐ జాబితా ప్రింటు తీసి పెట్టుకున్నాను, బావ ఫుటేజీ బయటి డిస్కులోకి ఇప్పటికే ఎక్కుతోంది.