డిపెండాబాట్‌తో మూడేళ్లు: సోమవారం వచ్చే ఉత్తరాలు

పద్యంలో గురులఘువులు గుర్తించే చిన్న పైథాన్ లైబ్రరీ (ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) ఒకటి రాశాను. నాకు తోడుగా దాన్ని చూసుకునేది నా పాత విద్యార్థి. ఇద్దరికీ అది జీతం లేని పని, రాత్రి భోజనాలయ్యాక చేసే పని. మా సొంత కోడ్ ఎనిమిది వందల పంక్తులు దాటదు. అది ఆధారపడే లైబ్రరీలు, మళ్లీ అవి ఆధారపడేవి కలిపితే మాత్రం నలభైకి పైనే. వాటిలో ఏది ఎప్పుడు కొత్తగా విడుదలైందో, దేనిలో భద్రతా లోపం బయటపడిందో వెతుక్కుంటూ కూర్చునే తీరిక మాకు లేదు. అందుకే ఆ పనిని మన బదులు చేసిపెట్టే డిపెండాబాట్ అనే బాట్‌ను పెట్టుకున్నాం. 2019లో గిట్‌హబ్ (మాలాంటివాళ్లు కోడ్ దాచుకుని, పంచుకునే సైటు) దీన్ని కొన్నప్పటి నుంచి ఉచితమే.

అది చేసే పని చూడటానికి చిన్నదే. మన జాబితాలోని లైబ్రరీకి కొత్త వెర్షన్ వస్తే, ఆ అంకె మార్చి ఒక పుల్ రిక్వెస్ట్, అంటే 'ఈ మార్పును మీ కోడ్‌లో కలుపుకోండి' అనే విన్నపం, తెరుస్తుంది. ఏమేం మారాయో చెప్పే విడుదల పత్రాన్ని కూడా అందులోనే అతికిస్తుంది. కోడ్ సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి మనం రాసుకున్న పరీక్షలు వాటంతట అవే నడుస్తాయి. చూసి, కలపాలో వద్దో మనం తేల్చుకోవాలి.

మొదట్లో తెలివితక్కువ పని చేసింది నేనే. ఒకసారికి ఐదు పుల్ రిక్వెస్టులకు మించి తెరవకుండా అందులో ముందే ఒక హద్దు ఉంటుంది. దాన్ని ఇరవైకి పెంచి, వారానికి బదులు రోజూ చూడమని రాశాను. మర్నాడు మా వాడి ఫోను: "మేడమ్, మీరు పెట్టిన ఈ బాట్‌కు నిద్ర ఉండదా?" ఆ సాయంత్రమే వారానికొకసారికి మార్చి, చిన్నచిన్న మార్పులన్నీ ఒకే పుల్ రిక్వెస్టులో వచ్చేలా గుంపులు కట్టాను. అప్పటి నుంచి సోమవారం ఉదయం కాఫీ పూర్తయ్యేలోపు చూడటం అయిపోతోంది.

భద్రతా హెచ్చరికల సంగతి వేరు. అవి వెర్షన్ అంకెను చూసి వస్తాయి, మనం ఆ లోపమున్న భాగాన్ని వాడుతున్నామా లేదా అన్నది వాటికి పట్టదు. మూసలో వివరాలు నింపి పుటలు తయారుచేసే జింజా2 అనే లైబ్రరీనే తీసుకోండి. 2024 జనవరిలో 3.1.3, మేలో 3.1.4 వచ్చాయి. రెండూ ఎక్స్‌ఎంఎల్ఏటీటీఆర్ అనే ఒకే ఫిల్టరులోని లోపాల కోసం. మేము జింజాను వాడేది సహాయ పుటలు తయారు చేసుకోవడానికి, ఆ ఫిల్టర్ జోలికి ఎన్నడూ పోలేదు. అయినా రెండుసార్లూ చదివి, అంకె మార్చాం. విసుగు పుట్టదని చెప్పను.

ఆ విసుగంతా ఒక్క సోమవారంతో తీరిపోయింది. రాతను గుచ్ఛాలుగా, అంటే చదివేవారికి ఒక్కో అక్షరంగా తోచే ముక్కలుగా, విడగొట్టే ఒక లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చింది. ఇతరుల ప్రాజెక్టుల్లో ఎంత సాఫీగా కలిసిందో చూపే పట్టీ పచ్చగా ఉంది. మా పరీక్షలు మాత్రం నిలువునా ఎర్రబడ్డాయి. నలభై పద్యాలు పెట్టుకుంటే ఒక్కదానికీ గణాలు కుదరలేదు. 'ఉత్పలమాల' అన్న పేరులోని ఉకారమే లఘువైపోయింది!

కారణం పుల్ రిక్వెస్టులో అతికించిన విడుదల పత్రంలోనే దొరికింది: కంప్యూటర్లలో అన్ని భాషల లిపులకూ ప్రమాణమైన యూనికోడ్, దాని 15.1 వెర్షన్. 2023 సెప్టెంబరులో వచ్చిన ఆ ప్రమాణం సంయుక్తాక్షరాన్ని ఒకే గుచ్ఛంగా చూడమంటుంది. అంతకు ముందు ఉ, త్, ప అని మూడు ముక్కలయ్యేది, ఇప్పుడు ఉ, త్ప. నేను రాసిన నియమమేమో 'పొల్లు ముక్క కనబడితే దాని ముందున్న అక్షరాన్ని గురువు చెయ్యి' అని. పొల్లు ముక్కే లేకపోతే గురువెక్కడిది? (అన్నట్టు, యూనికోడ్ పెట్టిన ఆ కొత్త నియమం వర్తించే లిపుల్లో తెలుగు, దేవనాగరి, మలయాళం ఉన్నాయి, లిపిలో మన పక్కింటి కన్నడం మాత్రం అప్పుడు లేదు. ఎందుకో.) రెండు రాత్రులు కూర్చుని మా నియమం తిరగరాశాం. యూనికోడ్ చెప్పిందే సరి, సంయుక్తాక్షరాన్ని ముక్కలు చేయడమేమిటి అసలు!

పచ్చపట్టీని నమ్మి కలిపేసి ఉంటే, లైబ్రరీ వాడేవాళ్లు "మీ గణాలు తప్పు" అని ఉత్తరాలు రాసేదాకా తెలిసేది కాదు. పట్టీ అబద్ధమాడలేదు. ఆ ప్రాజెక్టుల్లో తెలుగు పద్యం పెట్టి పరీక్షించేవాళ్లు లేరు, అంతే. అందుకే పరీక్షలు రాసుకోనివారికి నా సలహా ఒకటే: భద్రతా హెచ్చరికలు మాత్రం పెట్టుకోండి, తక్కినవి పరీక్షలు రాశాక చూడవచ్చు.

డిపెండాబాట్‌లో 2025లో వచ్చిన కూల్‌డౌన్ అనే సదుపాయం నాకు బాగా నచ్చింది. కొత్త వెర్షన్ వచ్చాక మనం చెప్పినన్ని రోజులు ఆగి, అప్పుడు తెలియజేస్తుంది. భద్రతా మార్పులకు ఈ ఆగడం ఉండదు. ఆ ఏడాది సెప్టెంబరు 8న ఎన్‌పీఎమ్‌లో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారం) చాక్, డీబగ్ వంటి పేరున్న ప్యాకేజీల్లోకి దొంగ కోడ్ చేరి, కొద్ది గంటల్లోనే తొలగించబడింది. వారం ఆగేవాడి గుమ్మం దాకా అది వచ్చేదే కాదు. మేము ఏడు రోజులు పెట్టుకున్నాం. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఆ మిగిలిన ఒక్కటీ జింజా ఖాతాలో కోసుకున్నాను.