పాత రేడియోలకు బ్రష్ ప్లేటింగ్ కిట్: చాలాకాలం వాడాక నా మాట

వాల్వ్ రేడియోల మరలు, నాబ్‌ల చుట్టూ ఉండే ఇత్తడి రింగులు, డయల్ ఫ్రేములు... వీటికి మళ్ళీ నికెల్ పూత వేయడానికి కొన్నేళ్లుగా బ్రష్ ప్లేటింగ్ కిట్ వాడుతున్నాను. అందులో పెద్ద హంగామా ఏమీ లేదు. తక్కువ వోల్టేజీ డీసీ సప్లై, గుడ్డ చుట్టిన నికెల్ కడ్డీ, ఆకుపచ్చ ద్రావణం, అంతే. కడ్డీకి పాజిటివ్, భాగానికి నెగటివ్ ఇచ్చి, ద్రావణంలో తడిపిన కడ్డీతో రుద్దుతూ పోవాలి.

ఇత్తడి మీద దీని పనికి వంక పెట్టలేను. రుద్దుతుండగానే పసుపు చచ్చి, బూడిద రంగుకు తిరిగి, ఆపైన తెల్లబడుతుంది. ఆ తెలుపులో కొద్దిగా పసుపు ఛాయ ఉంటుంది, క్రోమ్‌కుండే నీలి మెరుపు రాదు. మొదట్లో నికెల్ పూతతోనే వచ్చిన రేడియోకి అదే నప్పుతుంది.

అయితే మెరుపు తెచ్చేది కిట్ కాదు, అంతకుముందు మనం చేసే పాలిష్. పూత మందం మైక్రాన్లలో ఉంటుంది కాబట్టి కింద గీత ఉంటే పైనా కనిపిస్తుంది. ఎమరీ పేపర్, బఫింగ్ అయ్యాక జిడ్డు తీసి, భాగం మీద నీళ్ళు పోసి చూడండి. నీరు పలచని పొరలా నిలవాలి. చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డున్నట్టే, అక్కడ పూత పెచ్చులుగా లేస్తుంది.

మన్నిక సంగతికొస్తే, డయల్ ఫ్రేములూ మరలూ ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయి. రోజూ వేళ్ళు తగిలే వాల్యూమ్ నాబ్ రింగుకు మాత్రం అంచుల దగ్గర ఇత్తడి బయటపడింది. అలాంటివాటికి ఇప్పుడు ద్రావణం నింపిన తొట్టిలో ముంచి పూత వేస్తున్నాను. నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ యాసిడ్ కలిపిన, 'వాట్స్' అనే పేరున్న ద్రావణం, 50 డిగ్రీల వేడి. చదరపు డెసిమీటరుకు 2 ఆంపియర్ల చొప్పున అరగంట పెడితే సుమారు 12 మైక్రాన్లు పడుతుంది. బ్రష్‌తో అంత మందం తేవాలంటే చెయ్యి పడిపోతుంది.

'ఏ లోహానికైనా' అని కిట్ డబ్బా మీద రాయడమే నాకు నచ్చలేదు. తుప్పు పట్టిన ఇనుము మీది గుంటలను ముందు రాగి పూతతో నింపాలి. యాసిడ్ కాపర్ సల్ఫేట్‌లో నేరుగా ముంచితే రాగి దానంతటదే అంటుకుని, తుడిస్తే ఊడొస్తుంది. ముందు పలచగా నికెల్, దానిమీద రాగి, పాలిష్, మళ్ళీ నికెల్. జింక్‌ను కరిగించి అచ్చులో పోసి చేసిన భాగాలనైతే ఆమ్ల ద్రావణాలు తినేస్తాయి. వాటికి ముందు సయనైడ్ కాపర్ పూత కావాలి, అది ఇంట్లో చేసే పని కానే కాదు, ప్లేటింగ్ షాపుకే ఇవ్వండి. బిగువైన స్టీల్ స్ప్రింగుల జోలికి కూడా నేను వెళ్ళను. ప్లేటింగ్‌లో పుట్టే హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసుబారతాయి.

ఇంకో చిన్న చిరాకు: కడ్డీకి పెట్టే క్లిప్పు రాగిది. అది ద్రావణంలో మునిగిందంటే కరిగిపోయి, మొత్తం సీసా పాడవుతుంది. కడ్డీ అయిపోయిందని దాని బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ చెంచా వాడేవాళ్ళున్నారు. దయచేసి వద్దు, విషపూరితమైన క్రోమియం ద్రావణంలోకి దిగుతుంది. నికెల్ కూడా చర్మానికి పడదు కాబట్టి గ్లౌజులు తప్పనిసరి. వాడేసిన ద్రావణాన్ని కాలవలో పోయకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకే ఇవ్వాలి.

ఛాసిస్‌కు, అంటే రేడియో లోపలి భాగాలన్నీ బిగించే లోహపు పెట్టెకు, ఈ కిట్ అస్సలు కొనకండి. అంత వైశాల్యం బ్రష్‌తో సమంగా రాదు. పైగా పాత ఛాసిస్‌ల మీద చాలావాటికి కాడ్మియం పూత ఉంటుంది, దాని దుమ్ము పీలిస్తే ప్రమాదం. ఎమరీ పెట్టకుండా తడిగుడ్డతో తుడిచి వదిలేస్తాను.