లవంగానికి ఊరు పేరుంది, రాతిపువ్వుకు లేదు

బేగంబజారులో ఎప్పుడూ వెళ్ళే మసాలా దుకాణంలో ఈసారి లవంగాలు, రాతిపువ్వు వంద గ్రాముల చొప్పున కొన్నాను. లవంగాలు చిన్న సీసాలో సరిపోయాయి. రాతిపువ్వుకు పెద్ద డబ్బా కూడా చాలలేదు, అంత తేలిక!

ముప్పై ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. పొయ్యి వెలిగించేముందు రెంటినీ పళ్ళెంలో పోసి చూసుకోనిదే నాకు తోచదు. మనం పువ్వు అని పిలవని లవంగం నిజంగా పువ్వే. మొగ్గ ఎర్రబారుతుండగా, విచ్చుకోకముందే కోసి ఎండబెడతారు. రాతిపువ్వేమో లైకెన్. శిలీంధ్రమూ (బూజు, పుట్టగొడుగుల జాతి) శైవలమూ (నాచు జాతి) కలిసి చేసే కాపురం. వేరు, కాండం, పువ్వు ఏవీ ఉండవు.

లవంగాలకు అయిదుకు అయిదు మార్కులు. తలలు ఊడలేదు, గోటితో నొక్కితే నూనె తేలింది. నీళ్ళలో వేస్తే కొన్ని మునిగాయి, కొన్ని నిటారుగా నిలిచాయి. నూనె పిండేసిన సరుకైతే అడ్డంగా తేలుతుంది.

రాతిపువ్వుకు మూడున్నర. పైన బూడిదరంగు, అడుగున నలుపు, రేకులు పెద్దవే. బెరడు ముక్కలు మాత్రం చెంచాడు ఏరాను. నిరుడు మరోచోట కొన్నదానిలో ఇసుకే ఎక్కువ, దానికంటే ఇది ఎంతో నయం. పచ్చిగా వాసన చూసి పెదవి విరవకండి. కాగిన నూనెలో పడితేనే తడిమట్టి, కట్టెపొగ కలిసిన ఆ పరిమళం లేస్తుంది. కిలో మాంసానికి రెండు రేకులు చాలు, మించితే చేదు.

నా అసలు బాధ మరొకటి. లవంగాల పొట్లం మీద కన్యాకుమారి అని రాసి ఉంది. ఆ చెట్టును నాటి, ఏళ్ళ తరబడి పెంచి, కాపు తీసుకుంటారు. లైకెన్‌ను ఎవరూ సాగు చేయరు. అడవిలో బెరళ్ళ మీద, బండల మీద గీకి తెస్తారు, అది మళ్ళీ పెరగడమేమో చాలా నెమ్మది. పైగా వేర్లు లేవు కనుక వానలో, గాలిలో ఏది ఉంటే అదే పీల్చుకుంటుంది, పొగైనా సరే. ఎక్కడిదో తెలియాల్సింది ముందు దీనికే. అడిగితే, "అడవి సరుకమ్మా" అన్నారు, అంతే.

వచ్చే నెల లవంగాలు పావుకిలో తెస్తాను. రాతిపువ్వు ఈ డబ్బా ఖాళీ అయ్యాకే, అదీ పొట్లం మీద ఊరి పేరు కనిపిస్తేనే.